పొలం నుంచి పొలానికి: ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చట్టం అప్పగించిన పనులు మూడు: చదువు చెప్పడం, పరిశోధన చేయడం, ఆ పరిశోధన ఫలితాన్ని రైతు పొలానికి చేర్చడం. మూడోదాన్నే విస్తరణ అంటారు. మామూలు విశ్వవిద్యాలయంలో మొదటి పని ప్రధానం, రెండోది వీలును బట్టి నడుస్తుంది, మూడోది ఉండనే ఉండదు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడవాలి. తరగతి గదిలో పాఠం చెప్పే ఆచార్యుడికి పరిశోధన క్షేత్రంలో మడి ఉండాలి. ఆ మడిలో తేలిన విషయం ఊళ్లోకి వెళ్లాలి. ఊళ్లో రైతు అడిగిన ప్రశ్న మళ్లీ మడికి రావాలి.

ఈ ఏర్పాటుకు మూలం అమెరికాలో ఉంది. 1862లో అబ్రహాం లింకన్ అధ్యక్షుడిగా ఉండగా అక్కడ మోరిల్ చట్టం వచ్చింది. ప్రతి రాష్ట్రానికీ కేంద్ర ప్రభుత్వం భూమి ఇచ్చింది. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతో వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కళాశాల పెట్టాలన్నది షరతు. చదువు మొదలైంది గానీ చెప్పడానికి నికరమైన జ్ఞానం చాలలేదు. అందుకని 1887లో హ్యాచ్ చట్టం ప్రయోగ క్షేత్రాలకు డబ్బిచ్చింది. అక్కడ తేలినవి రైతుకు చేరడం లేదని గ్రహించాక, 1914లో స్మిత్ లీవర్ చట్టం విస్తరణకు దారి చూపింది. మూడు కాళ్లూ సమకూరడానికి అమెరికాకు 52 ఏళ్లు పట్టింది.

మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ మూడు పనులూ వేర్వేరు చేతుల్లో ఉండేవి. వ్యవసాయ కళాశాలలకు పట్టాలిచ్చేది సాధారణ విశ్వవిద్యాలయాలు. పరిశోధన వ్యవసాయ శాఖది. రైతుకు చెప్పేదీ ఆ శాఖే అయినా, చెప్పే సిబ్బంది వేరు, పరిశోధించే సిబ్బంది వేరు. 1948-49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని సిఫారసు చేసింది. 1955లో భారత, అమెరికా నిపుణుల ఉమ్మడి బృందం ఇదే దారిని సూచించింది. 1960లో అప్పటి ఉత్తరప్రదేశ్‌లోని పంత్‌నగర్‌లో మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది. రాష్ట్రాలు ఇలాంటి విశ్వవిద్యాలయాలకు చట్టం ఎలా రాసుకోవాలో ఆ తర్వాత రాల్ఫ్ కమింగ్స్ సంఘం నమూనా ఇచ్చింది. ఒక్కో ప్రాంతానికి ఒక్కో అమెరికన్ విశ్వవిద్యాలయం సాయపడింది. పంత్‌నగర్‌కు ఇల్లినాయి, పంజాబుకు ఒహాయో, మైసూరుకు టెనెసీ విశ్వవిద్యాలయాలు తోడు నిలిస్తే, ఆంధ్రప్రదేశ్‌కు కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడి అధ్యాపకులు ఇక్కడికి వచ్చి పాఠ్య ప్రణాళికలు రూపొందించారు. ఇక్కడివారు అక్కడికి వెళ్లి పరిశోధన పట్టాలతో తిరిగి వచ్చారు.

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ చట్టం 1963లో అయింది. 1964 జూన్ 12న హైదరాబాదు పక్కన రాజేంద్రనగర్ కేంద్రంగా విశ్వవిద్యాలయం ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వంలో రక్షణ శాఖ కార్యదర్శిగా చేసిన ఐ.సి.ఎస్. అధికారి ఓ. పుల్లారెడ్డి తొలి ఉపకులపతి. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించారు. అమెరికా గోధుమ ఓడల కోసం దేశం ఎదురుచూసిన రోజులవి. వారంలో ఒక పూట భోజనం మానమని శాస్త్రి ప్రజలను కోరిన సంవత్సరం అది. ఆ మరుసటి ఏడు జూన్ 23న ఇందిరా గాంధీ భవన నిర్మాణ కార్యక్రమాన్ని ప్రారంభించారు. తిండి గింజల కొరత నడినెత్తిన ఉండగా పుట్టిన సంస్థ కాబట్టి, మొదటి రెండు దశాబ్దాలూ దాని దృష్టి అంతా ఎకరానికి ఎన్ని బస్తాలు అన్న లెక్క మీదే నిలిచింది. ఆ రోజుల్లో అది సరైన దృష్టే.

కొత్త విశ్వవిద్యాలయం చేతికి వచ్చిన కళాశాలలు అప్పటికే పేరున్నవి. మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయ పట్టా కావాలంటే తెలుగు విద్యార్థి కోయంబత్తూరు దాకా వెళ్లాల్సి వచ్చేది. ఆ కష్టం 1945 జూలైలో బాపట్ల వ్యవసాయ కళాశాల తెరిచాక తీరింది. నిజాం రాజ్యంలో 1946లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద వ్యవసాయ కళాశాల వచ్చింది. తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల మొదలయ్యాయి. హైదరాబాదులో పశువైద్య కళాశాల, గృహవిజ్ఞాన కళాశాల ఉన్నాయి. ఇవన్నీ ఒకే పాలనలోకి వచ్చాయి. పంట, పశువు, ఇల్లు అన్న మూడింటినీ ఒక సంస్థ చూడటం రైతు బతుకుకు దగ్గరగా ఉన్న ఏర్పాటు.

1996లో విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. పేరు మార్చిన రోజు నవంబరు 7, ఆయన పుట్టినరోజు. 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టిన గోగినేని రంగనాయకులు ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివారు. తిరిగి వచ్చి కొంతకాలం మద్రాసులో ఆ పాఠమే చెప్పారు. ఆ తర్వాత రైతాంగ ఉద్యమంలోకి దిగారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు విద్యాలయం పెట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపకుల్లో ఒకరయ్యారు. సుదీర్ఘకాలం పార్లమెంటు సభ్యుడిగా ఉండి 1995లో కన్నుమూశారు. చదువుకున్న రైతుబిడ్డగా తన చదువును రైతు పక్షాన నిలబెట్టడమే ఆయన జీవితమంతా చేసిన పని. పేరుకూ సంస్థకూ ఇంతకన్నా పొందిక కుదరదు.

ఇక విశ్వవిద్యాలయానికి ప్రాణమైన పరిశోధన స్థానాల సంగతి. ఇవి విశ్వవిద్యాలయం కన్నా చాలా పాతవి. 19వ శతాబ్దం చివర గోదావరి డెల్టాలో చెరకు తోటలకు ఎర్రకుళ్లు తెగులు సోకి గడలు లోపల ఎర్రబారి పులిసిపోయాయి. ఆ తెగులుకు విరుగుడు వెతకడానికి 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం పెట్టారు. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ అక్కడ రకరకాల చెరకులను నాటి, తెగులుకు తట్టుకునేవాటిని ఎంచారు. 1906లో నల్లరేగడి మెట్ట పంటల కోసం నంద్యాల, 1913లో అనకాపల్లి, 1922లో గుంటూరు పక్కన లాం, 1925లో వరి కోసం పశ్చిమ గోదావరి మార్టేరు స్థానాలు వచ్చాయి. వ్యవసాయ శాఖ అధీనంలోని ఈ క్షేత్రాలు విశ్వవిద్యాలయానికి సంక్రమించాయి.

ఒక పరిశోధన స్థానం వయసు దాని బలం. ఒకే మడిలో ఏళ్ల తరబడి ఒకే పద్ధతిన ఎరువు వేసి, ఒకే తీరున కొలిస్తేనే నేల ఎటు పోతున్నదో తెలుస్తుంది. ఒక శాస్త్రవేత్త కలిపిన సంకరం ఫలించేసరికి అతను బదిలీ అయిపోయి ఉండవచ్చు, పదవీ విరమణ చేసి ఉండవచ్చు. అతని పుస్తకంలో రాసిన వరుస నంబర్లను పట్టుకుని తర్వాతి వ్యక్తి పని కొనసాగిస్తాడు. అందుకే పరిశోధన స్థానం భూమిని వేరే అవసరాలకు తీసుకోవడం, కొత్త స్థలంలో అంతకు రెట్టింపు ఇస్తామనడం సరిపడే పని కాదు. కొత్త నేలకు పాత నేల చరిత్ర రాదు.

1979లో మొదలైన జాతీయ వ్యవసాయ పరిశోధన పథకం ఈ స్థానాలను ఒక క్రమంలో పెట్టింది. వాన, నేల, పంటల తీరును బట్టి ఉమ్మడి రాష్ట్రాన్ని ఏడు వ్యవసాయ వాతావరణ మండలాలుగా విభజించారు. ప్రతి మండలానికీ ఒక ప్రాంతీయ స్థానం: కృష్ణా గోదావరి మండలానికి లాం, ఉత్తర కోస్తాకు అనకాపల్లి, దక్షిణ మండలానికి తిరుపతి, అల్ప వర్షపాత మండలానికి నంద్యాల, ఉత్తర తెలంగాణకు జగిత్యాల, దక్షిణ తెలంగాణకు పాలెం, గిరిజన ఎగువ ప్రాంతానికి చింతపల్లి. తర్వాత గోదావరి మండలానికి మార్టేరును, మధ్య తెలంగాణకు వరంగల్లును చేర్చి తొమ్మిది చేశారు. డెల్టాలో ఒండ్రు నేల మీద తేలిన సిఫారసు పాలెం ఎర్ర చెల్కకు పనికిరాదన్న నిజాన్ని పాలనలోకి తెచ్చిన విభజన ఇది.

బియ్యం బస్తాల మీద, విత్తన సంచుల మీద ఎం.టి.యు., బి.పి.టి., ఎన్.ఎల్.ఆర్., ఆర్.ఎన్.ఆర్., జె.జి.ఎల్. అని కనిపించే అక్షరాలు ఈ స్థానాలవే. వరసగా మార్టేరు, బాపట్ల, నెల్లూరు, రాజేంద్రనగర్, జగిత్యాల. అక్షరాల తర్వాత ఉన్న అంకె ఆ స్థానంలో ఆ సంకరానికి ఇచ్చిన వరుస సంఖ్య. అంటే బి.పి.టి. 5204 అన్నది రాకముందు బాపట్లలో వేల వరుసలు పరీక్షకు నిలిచాయి, దాదాపు అన్నీ పక్కకు పోయాయి.

వరిలో కొత్త వంగడం తయారు చేయడం ఓపికతో కూడిన చేతిపని. వరి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పువ్వు విచ్చుకునేలోపే దాని పుప్పొడి దానిమీదే పడుతుంది. కాబట్టి తల్లిగా ఎంచుకున్న మొక్క వెన్నులో, ముందురోజు సాయంత్రమో తెల్లవారుజామునో, ఒక్కో గింజ కొసను కత్తిరించి లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ తీసేస్తారు. వెన్నుకు కాగితపు సంచి తొడుగుతారు. పొద్దెక్కాక తండ్రి మొక్క వెన్ను పువ్వులు విచ్చుకునే సమయానికి దాన్ని తెచ్చి దులుపుతారు. వచ్చిన కొద్ది గింజలూ మొదటి తరం. మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. రెండో తరంలో గుణాలు విడిపోతాయి: ఒకటి పొడవు, ఒకటి పొట్టి, ఒకదాని గింజ సన్నం, ఒకదాని గింజ లావు. అక్కడి నుంచి ఏరడం మొదలు. ఆరేడు తరాలు ఏరితే గాని గుణాలు స్థిరపడవు. ఆ తర్వాత స్థానంలో పరీక్ష, వేర్వేరు స్థానాల్లో పరీక్ష, చివరికి రైతుల పొలాల్లో మినీకిట్ల, అంటే చిన్న విత్తన సంచుల, పరీక్ష. మొదటి వెన్నుకు సంచి తొడిగిన నాటి నుంచి రకం విడుదల దాకా పదేళ్లకు పైనే పడుతుంది.

ఈ పనిలో విశ్వవిద్యాలయం సాధించినవాటిలో రెండు మిగతా అన్నిటికన్నా ఎత్తున నిలుస్తాయి. ఒకటి మార్టేరు స్వర్ణ, ఎం.టి.యు. 7029. రెండోది బాపట్ల సాంబ మసూరి, బి.పి.టి. 5204. రెండింటిలోనూ మసూరి రక్తం ఉంది. మసూరి మలేషియాలో విడుదలైన రకం. మన దేశపు ఇండికా వరిని జపాను తరహా జపానికా వరితో కలపడానికి 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్ కేంద్రంగా చేపట్టిన పథకం నుంచి అది పుట్టింది. వశిష్ఠ అన్న రకాన్ని మసూరితో కలిపి మార్టేరు స్వర్ణను తీసింది. అది 1982లో విడుదలైంది. పొట్టి మొక్క, మంచి దిగుబడి, ఎక్కువ ఎరువు అడగని స్వభావం. సార్వా పంటగా గోదావరి జిల్లాల్లో స్థిరపడి, అక్కడితో ఆగలేదు. ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, బీహార్ పల్లపు పొలాల్లోకి వెళ్లింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరింది. దాన్ని అక్కడికి చేర్చింది ప్రభుత్వ పథకం కన్నా రైతు నుంచి రైతుకు చేతులు మారిన విత్తనమే ఎక్కువ.

ఆ పల్లపు రాష్ట్రాల్లో స్వర్ణకు ఒక ఇబ్బంది ఎదురైంది. వరదనీరు పైరును పూర్తిగా ముంచితే అది చచ్చిపోయేది. ఒడిశాకే చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అన్న నాటు రకానికి ముంపును ఓర్చుకునే శక్తి ఉందని ఎప్పటి నుంచో తెలుసు. ఆ శక్తినిచ్చే సబ్-1 జన్యు భాగాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, జన్యు గుర్తుల సాయంతో, వెనక్కి వెనక్కి సంకరం చేస్తూ స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ సబ్-1 అన్న ఆ రకం మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల ముంపు తర్వాత కూడా నీరు తీయగానే చిగురు వేస్తుంది. ఒక జిల్లా స్థానం తీసిన రకాన్ని ప్రపంచ సంస్థ తన పనికి పునాదిగా తీసుకోవడం మార్టేరుకు దక్కిన గౌరవం.

సాంబ మసూరి కథ రుచి కథ. కోయంబత్తూరులో 1921 ప్రాంతంలో వచ్చిన జి.ఇ.బి. 24 అన్న సన్నరకానికి వంట గుణంలో సాటి లేదు, గానీ మొక్క పొడవు, దిగుబడి తక్కువ. తైవాను పొట్టి రకం టి.ఎన్. 1కి దిగుబడి ఉంది, అన్నం మాత్రం గొంతు దిగదు. ఈ రెండింటి సంకరాన్ని మసూరితో కలిపి బాపట్ల శాస్త్రవేత్తలు బి.పి.టి. 5204 తీశారు. అది 1986లో విడుదలైంది. సన్నగింజ, మెత్తని పొడిపొడి అన్నం. తెలుగు ఇంటి అన్నం రుచిని ఈ ఒక్క రకం నిర్ణయించిందంటే అతిశయోక్తి కాదు. కర్ణాటకలో, తమిళనాడులో ఇతర పేర్లతో అమ్ముడైనా గింజ అదే. అయితే తెగుళ్ల ముందు ఇది బలహీనురాలు. అగ్గితెగులూ, బాక్టీరియా ఎండాకు తెగులూ సులువుగా పట్టుకుంటాయి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధన సంచాలక కార్యాలయం కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను దీనిలోకి ఎక్కించి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. గింజ గుణం చెడకుండా తెగులును నిలవరించడం అందులోని ఘనత.

మార్టేరు శ్రద్ధ పెట్టిన మరో శత్రువు సుడిదోమ. డెల్టాలో ఒత్తుగా నాటి, యూరియా దండిగా వేసిన చేలలో దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. మందు కొట్టేకొద్దీ దాన్ని తినే సాలీళ్లు చచ్చి దోమ మళ్లీ పెరుగుతుంది. కాబట్టి మొక్కలోనే ఓర్పు ఉండాలన్న దారిని మార్టేరు పట్టింది. విజేత, కాటన్‌దొర సన్నాలు, ఇంద్ర, అమర వంటి రకాలు ఆ దారిలో వచ్చినవే. తుపాను ఋతువులో పడిపోయిన వెన్ను మీద గింజ మొలకెత్తకుండా, కొద్ది వారాలు నిద్రపోయే గుణాన్ని కూడా అక్కడ పట్టుబట్టి వెతికారు. నవంబరు తుపాను చూసిన ఏ గోదావరి రైతుకైనా ఆ గుణం విలువ విడమరచి చెప్పనక్కరలేదు. గోదావరి మీద ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ పేరు మీద ఒక వరి రకాన్ని పిలవడం ఆ జిల్లాల కృతజ్ఞతకు గుర్తు.

రకం విడుదలయ్యాక విత్తనం పెంచే పని మొదలవుతుంది. శాస్త్రవేత్త చేతిలో ఒక్కో వెన్నుగా ఏరి ఉంచినది కేంద్రక విత్తనం. దాని నుంచి పసుపు చీటీతో బ్రీడర్ విత్తనం, దాని నుంచి తెల్ల చీటీతో మూల విత్తనం, దాని నుంచి నీలి చీటీతో ధ్రువీకరణ విత్తనం వస్తాయి. రైతు కొనేది ఈ చివరిది. పై మెట్టులో ఒక కల్తీ వెన్ను మిగిలితే కింది మెట్టులో వేల ఎకరాల్లో బెరకులు కనిపిస్తాయి. కాబట్టి ఒక రకాన్ని కనిపెట్టడం ఎంత పనో, దాన్ని శుద్ధంగా ఏటేటా నిలబెట్టడం అంత పని. పేరు రానిది ఈ రెండో పనికే.

వరి కానివాటిలో మినుము చెప్పుకోదగ్గది. కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే మినుము చల్లుతారు. వరి కోశాక మిగిలిన తేమతో, మంచుతో ఆ పంట పండుతుంది. దున్నకం లేదు, తడి లేదు. ఈ పద్ధతి రైతులదే. దానికి సరిపడే రకాలు ఇచ్చింది లాం. శీతకాలపు మంచులో ఆకుల మీద తెల్లగా పాకే బూడిద తెగులును తట్టుకునే కృష్ణయ్య, అంటే ఎల్.బి.జి. 17, ఆ పంటను నిలబెట్టింది. తర్వాత వచ్చిన ఎల్.బి.జి. 752 ఇడ్లీ, దోసెల మినప్పప్పుగా దేశమంతా తిరిగింది. 1980లలో గుంటూరు, ప్రకాశం పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తినప్పుడు దాన్ని ఓర్చుకునే కాంచన రకాన్ని ఇచ్చిందీ లామే.

మెట్ట ప్రాంతంలో పని ఇంకా కష్టం, పేరు ఇంకా తక్కువ. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల పరిసరాల్లో ఉంటుంది, అదీ పంట అడిగిన రోజున రాదు. పక్కనున్న కదిరి స్థానం వేరుశనగలో కదిరి 3, కదిరి 6, కదిరి లేపాక్షి రకాలు తీసింది. ఊడలు దిగే సమయంలో వాన ఎగ్గొట్టినా చేను పూర్తిగా చేజారకుండా చూడటం ఆ స్థానం పూనిక. నంద్యాల శనగ మీద పనిచేసి, యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్.బి.ఇ.జి. 47 రకాన్ని ఇచ్చింది. కూలీలు దొరకని నల్లరేగడి ఊళ్లకు అది అక్కరకొచ్చింది. పాలెం ఆముదం రకాలు దక్షిణ తెలంగాణ చెల్క నేలల కోసం. ఈ పంటలకు నీటి పంటలకు దక్కినంత డబ్బూ, సిబ్బందీ ఏనాడూ దక్కలేదు. వాన మీద బతికే రైతులే ఎక్కువగా ఉన్న చోట ఇది తీర్చవలసిన లోటు.

చదువు విషయానికి వస్తే, ఇంటర్‌లో జీవశాస్త్రం చదివి ప్రవేశ పరీక్ష రాసినవారికి నాలుగేళ్ల బి.ఎస్సీ. వ్యవసాయం, ఆపై ఎం.ఎస్సీ., పరిశోధన పట్టా ఉన్నాయి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు, ఆహార సాంకేతిక కళాశాలలు నడుస్తున్నాయి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పల్లెల్లో చదివిన రైతు పిల్లలకు కొన్ని సీట్లు కేటాయించడం మంచి ఆలోచన. చివరి ఏడాదిలో విద్యార్థులు ఒక ఊరికి వెళ్లి రైతుల ఇళ్ల మధ్య ఉండి, నారు పోసిన నాటి నుంచి పనులు చూడాలి. దీన్ని రావెప్ అంటారు. పట్నంలో పెరిగిన పిల్లలకు వ్యవసాయం మీద ఉన్న అపోహలు చాలావరకు ఆ నెలల్లోనే తొలగుతాయి.

మూడో పని విస్తరణ. 1998 నుంచి జిల్లాల్లో ఏరువాక కేంద్రాలు పెట్టి కొద్దిమంది శాస్త్రవేత్తలను నియమించారు. కృషి విజ్ఞాన కేంద్రాలు శిక్షణ ఇస్తున్నాయి. ఏటా వ్యవసాయ పంచాంగం వెలువడుతుంది. ఏ కార్తెలో ఏ పని, ఏ తెగులుకు ఏ మందు, ఏ మోతాదు అన్నీ అందులో ఉంటాయి. వ్యవసాయం అన్న మాసపత్రిక ఉంది. ఆకాశవాణి విజయవాడ, హైదరాబాదు, కడప, విశాఖపట్నం కేంద్రాల పొలం కార్యక్రమాల్లో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల గొంతు దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది. 2003 ఖరీఫ్‌లో తక్కువ నీటితో, లేత నారును ఒంటి మొక్కగా, ఎడం ఎడంగా నాటే శ్రీ వరి పద్ధతిని జిల్లా జిల్లాలో చేసి చూపించారు. కలుపు తీతకూ, నీటి అదుపుకూ పడే శ్రమ వల్ల అది అన్ని చోట్లా నిలవలేదు గానీ, నారు వయసు గురించి, మడిలో నిలబెట్టే నీటి గురించి రైతుల లెక్కలు మార్చింది.

అయినా మూడు పనుల్లో బలహీనమైనది ఇదే. 2003లో జాతీయ నమూనా సర్వే దేశమంతా రైతులను అడిగితే, కొత్త పద్ధతుల సమాచారం ఏదో ఒక చోటు నుంచి పొందుతున్నామన్నవారు 40 శాతమే. తోటి రైతుల నుంచి దాదాపు 17 శాతం, ఎరువులు, పురుగుమందుల దుకాణం నుంచి 13 శాతం, రేడియో నుంచీ అంతే. విస్తరణ ఉద్యోగి నుంచి అందుకున్నవారు ఆరు శాతం లోపు. దుకాణదారుడు మందు అమ్మాలి కాబట్టి మందు చెబుతాడు. మందు వద్దు, ఆగమని చెప్పగలిగేవాడు జీతం మీద పనిచేసే నిష్పక్షపాతి కావాలి. అలాంటివాళ్లు ఒక జిల్లాకు ముగ్గురో నలుగురో ఉంటే చాలరు.

2005లో పశువైద్య విద్యను విడదీసి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పెట్టారు. 2007లో తోటల పెంపకం వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయానికి వెళ్లింది. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2020లో చట్టం చేశారు. ఒక్కో రంగానికీ ప్రత్యేక శ్రద్ధ, సొంత నిధులు వచ్చాయి. అది లాభం. నష్టమూ ఉంది. పొట్టి వరి రకం గడ్డి తక్కువ ఇస్తుంది, ఆ గడ్డితో గేదెను మేపే ఇంట్లో అది చిన్న విషయం కాదు. వరి శాస్త్రవేత్తా పశుపోషణ శాస్త్రవేత్తా ఒకే మండలిలో కూర్చున్నప్పుడు అలాంటి మాట ఎదురుపడే అవకాశం ఉండేది. ఇప్పుడు దానికోసం విశ్వవిద్యాలయాలు పనిగట్టుకుని కలవాలి.

2014లో రాష్ట్రం రెండైంది. రాజేంద్రనగర్ ప్రాంగణమూ, తెలంగాణలోని కళాశాలలూ, స్థానాలూ ఆచార్య జయశంకర్ పేరుతో ఏర్పడిన తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందాయి. రంగా విశ్వవిద్యాలయం తన పాలన కేంద్రాన్ని గుంటూరు పక్కన లాంకు మార్చుకుంది. సంస్థలు విడిపోయినా వంగడాల వంశవృక్షం విడిపోలేదు. రాజేంద్రనగర్ తీసిన తెలంగాణ సోనా, ఆర్.ఎన్.ఆర్. 15048, రక్తంలోకి చక్కెరను నెమ్మదిగా వదిలే బియ్యంగా పేరు తెచ్చుకుంది. దాని ఒక వైపు మార్టేరు కాటన్‌దొర సన్నాలు, మరో వైపు జగిత్యాల రకం జె.జి.ఎల్. 3855.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించింది. వేరే జీవి జన్యువును తెచ్చి చేర్చకుండా, మొక్కలో ఉన్న జన్యువునే ఒకచోట సవరించే పద్ధతి ఇది. ఒకటి హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ తయారు చేసిన కమల. వెన్నుకు గింజల సంఖ్య పెంచడం దాని ఉద్దేశం. రెండోది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారు చేసిన పూసా డి.ఎస్.టి. రైస్ 1. ఉప్పునూ, బెట్టనూ తట్టుకోవడం దాని లక్ష్యం. మొదటిదానికి ఎంచుకున్న మూల రకం బాపట్ల సాంబ మసూరి. రెండోదానికి ఎంచుకున్నది మార్టేరు కాటన్‌దొర సన్నాలు.